ఫొటోకి ఎక్కని మోత

అరవై ఏళ్ల నాటి గిటారు ఆంప్లిఫయర్‌ని నాలుగు ఫొటోలు చూసి మళ్లీ కట్టొచ్చు. అందులో చూసింది ఎంత, ఊహించింది ఎంత అన్నదే తగాదా

సూరత్ నుంచి ముంబై వైపు హైవే పడితే కడోదరా, చల్థాన్, ఆ తర్వాత పల్సానా. చెరుకు బళ్లు, అద్దకం మిల్లుల పొగగొట్టాలు, వాటర్‌జెట్ మగ్గాల షెడ్లు, బట్ట తాన్లు మోసే టెంపోలు. ఈ దారిలో తెలుగు వినపడితే ఉలిక్కిపడక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేత కుటుంబాలు తరాల తరబడి సూరత్‌కి వలస వచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు పెట్టేంతగా వచ్చాయి. మా చిన్నాన్న కొడుకు అలా వచ్చినవాడే. పల్సానా దగ్గర ఒక షెడ్డులో జకార్డ్ డిజైన్లు గీస్తాడు. తాత గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గళ్లు నింపేవాడు, ఇతను కంప్యూటర్ మీద నింపుతాడు. అంతే తేడా.

అతని దగ్గరికి నేను తీసుకెళ్లింది చీర బొమ్మ కాదు. ఒక నలుపు తెలుపు ఫొటో. అందులో అరవైల నాటి ఇంగ్లిష్ గిటారు ఆంప్లిఫయర్ ఒకటి ఉంది. చిన్న బీరువాను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. ముందు భాగమంతా చారల బట్ట. దానికి ఆనించి ఒక గిటారు. హైదరాబాద్‌లో గిటారు పిచ్చి పట్టిన స్నేహితుడొకడు ఆ పెట్టెని మక్కీకి మక్కీ మళ్లీ కట్టాలని పట్టుపట్టాడు. చెక్క దొరికింది, వాల్వులు తెప్పించుకున్నాడు, బట్ట మాత్రం దొరకలేదు. సూరత్ వెళుతున్నానని తెలిసి ఫొటో నా చేతిలో పెట్టాడు.

తమ్ముడు ఫొటోని కాసేపు అటూ ఇటూ తిప్పి, సూది మొనతో చారలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ‘‘గిటారు పొడుగు ఎంతన్నా?’’ అని అడిగాడు. మొత్తం పొడవు తెలీదు గానీ, ఆ రకం గిటారులో తీగ ఆడే భాగం ఇరవై నాలుగు ముప్పావు అంగుళాలు, అంటే దాదాపు 629 మిల్లీమీటర్లు అన్నాను. ఫొటోలో ఆ ముక్కని స్కేలుతో కొలిచి, చారకీ చారకీ మధ్య దూరం తేల్చాడు. వెంటనే తనే తల అడ్డంగా ఊపాడు. ‘‘గిటారు ముంగట ఉన్నది, బట్ట ఎనక ఉన్నది. దగ్గరున్నది పెద్దగ కనవడ్తది. కొంచెం పెంచాలె.’’ సరిగ్గా ఇదే మాట చెప్పడానికి విదేశాల్లో ఆంప్లిఫయర్ పునఃసృష్టి నిపుణులు పేజీలకు పేజీలు ఖర్చు చేస్తారు.

తర్వాత అతను వేసిన ప్రశ్నే ఈ వారం కాలమ్. ‘‘బట్ట నేను దింపుత గని అన్నా, లోపల ఏమున్నదో ఈ ఫొటో చెప్తదా?’’

గిటారు జోలి లేని పాఠకులకు రెండు మాటలు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికిస్తుంటే విన్నవాళ్లకి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. ఎలక్ట్రిక్ వాద్యం ఒళ్లు గట్టి చెక్క. దానికి వీణకున్నట్టు కుండ ఉండదు. కరెంటు తీసేస్తే పక్కన కూర్చున్నవాడికి తప్ప వినపడదు. కచేరీ ఫొటోల్లో మన కళ్లు ఎప్పుడూ మాండలిన్ మీదే ఆగుతాయి, వెనకున్న పెట్టె మీదకి పోవు. గట్టి చెక్క వాద్యానికి కుండ ఆ పెట్టే. అందులో వాల్వులుంటే కథ ఇంకాస్త ముదురుతుంది. మీద భారం పెరిగేకొద్దీ వాల్వు ధ్వనిని పెంచడం మానేసి, దాని శిఖరాలను నున్నగా కోసేస్తుంది. ఇంజినీరు భాషలో అది వక్రీకరణ, లోపం. గిటారు వాయించేవాడికి అదే ప్రాణం.

1966లో ఈ లోపానికి పట్టాభిషేకం జరిగింది. జాన్ మాయల్ బృందంలో ఉన్న 21 ఏళ్ల ఎరిక్ క్లాప్టన్ లండన్‌లో డెక్కా స్టూడియోకి ఒక మార్షల్ పెట్టె పట్టుకొచ్చి, స్టేజీ మీద ఎంత గట్టిగా వాయిస్తాడో అంత గట్టిగానే వాయిస్తానన్నాడు. రికార్డింగ్ ఇంజినీర్లు తలలు పట్టుకున్నారు. మైకుని దూరం జరిపి రికార్డు చేశారు. ఆ ఏడాది జూలైలో ఆల్బమ్ వచ్చాక గిటారు ఎలా మోగాలన్న లెక్కే మారిపోయింది. ఆ పెట్టె కేటలాగు నంబరు 1962. అది సంవత్సరం కాదు, వట్టి మోడల్ నంబరు. అయినా ఇప్పటికీ ‘1962లో తయారైన మార్షల్’ అని పొరబడేవాళ్లున్నారు. కారు డిక్కీలో పట్టేలా చేసిపెట్టమని క్లాప్టనే అడిగాడని కూడా చెప్పుకుంటారు.

ఇప్పుడా పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ రికార్డింగ్‌లో వాయించిన లెస్ పాల్ గిటారు ఆ ఏడాదే దొంగల పాలైంది. మిగిలినవి కొన్ని ఫొటోలు, వయసు మీదపడిన మనుషుల జ్ఞాపకాలు, రికార్డు. ఆ కాస్త ఆధారం మీద అరవై ఏళ్లుగా మనుషులు కోర్టు పక్షుల్లా వాదించుకుంటున్నారు. ఆ పెట్టె మొదటి విడతదా, రెండో విడతదా? స్పీకర్ల అయస్కాంతం ఏ లోహం? గిటారుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య రేంజ్‌మాస్టర్ అనే చిన్న డబ్బా కూడా పెట్టాడా? పెట్టాడని ఒక వర్గం, లేదని ఒక వర్గం. తగువు తీర్చే ఫొటో లేదు.

అలాగని ఫొటో వట్టి మూగది కాదు. చదవడం వచ్చినవాడికి అది చాలానే చెబుతుంది. కొలతలకి కావలసిందల్లా సైజు తెలిసిన ఒక వస్తువు. గిటారు ప్లగ్గు కాడ మందం 6.35 మిల్లీమీటర్లు. ఆ సైజు ఎక్కడైనా ఒకటే. స్పీకరు పన్నెండు అంగుళాలు. ముందు వైపున్న నాబ్‌లు లెక్కపెడితే సర్క్యూట్ ఏ వంశానిదో సగం తెలుస్తుంది. వెనక నుంచి తీసిన ఫొటో దొరికితే పండగే. వాల్వు గాజు బుడ్డి ఆకారం మనిషి ముక్కు తీరులాంటిది, చూడగానే పోల్చుకోవచ్చు. కేటీ66కి సోడా సీసాలా భుజాలూ నడుమూ ఉంటాయి. ఈఎల్34 నిటారుగా గొట్టంలా ఉంటుంది. 5881 అయితే పొట్టిది. నీడ పడినా చాలు, ఏ వాల్వో చెప్పేయొచ్చు.

చాసిస్ లోపలి ఫొటో రంగుల్లో దొరికితే రెసిస్టర్ల మీది పట్టీలు చదవొచ్చు. గోధుమ, నలుపు, పసుపు వరసగా ఉంటే లక్ష ఓమ్‌లు. నలుపు తెలుపులో ఆ దారి మూసుకుపోతుంది. రెండు వేర్వేరు రంగులు ఒకే బూడిద రంగులో దాక్కుంటాయి. అమెరికన్ పెట్టెలకి ఇంకో సదుపాయం ఉంది. వాల్యూమ్ తిప్పే పొటెన్షియోమీటర్ వీపు మీద అంకెలు కొట్టి ఉంటాయి. 1376512 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, మిగతాది 1965లో 12వ వారం. పెట్టె అంతకంటే పాతదని ఎవడైనా అమ్మచూపితే ఆ అంకె చూపించి ఇంటికి రావచ్చు.

సర్క్యూట్ దొరికింది, వాల్వులు తెలిశాయి, చెక్క కొలతలు కుదిరాయి. అయినా మోత కుదరకపోతే? అసలు కష్టం అక్కడే. పెట్టెలో బరువైన వస్తువుల్లో ఒకటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. దాని ఇనుప రేకుల సైజు ఫొటోలో కనపడుతుంది. లోపల రాగి తీగ ఎన్ని చుట్లు చుట్టారో, ఒక పొర చుట్టాక రెండో పొరని ఎలా ఇరికించారో కనపడదు. విప్పితే తప్ప తెలీదు. విప్పితే అది మళ్లీ పనికిరాదు. పల్సానాలో అడిగితే అర్థమయ్యేలా చెబుతారు: డిజైన్ ఫొటోకి ఎక్కుతుంది, పడుగు ఎంత బిగించారో ఎక్కదు.

చిత్రమేమిటంటే, మార్షల్ పెట్టే ఒక నకలు. 1962లో లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ సంగీత వాద్యాల దుకాణం నడిపేవాడు. స్వతహాగా డ్రమ్ముల మాస్టారు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ బాస్‌మన్ ఆంప్లిఫయర్ ధర కుర్రాళ్లకి అందడం లేదు. అలాంటిదే ఇక్కడే చేద్దామని రిపేరు పని చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు కూర్చున్నారు. వాళ్లకి ఫొటో కర్మ పట్టలేదు, అసలు పెట్టే కళ్ల ముందుంది. సర్క్యూట్‌ని దాదాపు ఉన్నదున్నట్టు దించారు. కాకపోతే విడిభాగాలు మాత్రం లండన్‌లో దొరికినవే వాడారు. అమెరికా స్పీకర్ల బదులు సెలెస్టియన్ వచ్చింది. మొదటి మెట్టులో 44 రెట్లు పెంచే సత్తా ఉన్న వాల్వు స్థానంలో 100 రెట్ల సత్తా ఉన్న ఈసీసీ83 పెట్టారు. తర్వాత కేటీ66లు వచ్చి చేరాయి. కాగితం మీద చూస్తే అదే సర్క్యూట్, చెవికి మాత్రం వేరే పెట్టె. వస్తువు ఎదురుగా ఉండి చేసిన నకలే ఇంత దూరం జరిగితే, ఫొటో చూసి చేసేవాడి సంగతి చెప్పేదేముంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అసలు పెట్టె దొరికినా అది పూర్తి నిజం చెప్పదు. ఆ కాలపు కార్బన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతూ పోతాయి. లక్ష ఓమ్‌లని రాసి ఉన్నది ఇవాళ లక్షా ఇరవై వేలు చూపించవచ్చు. కెపాసిటర్లు ఎండిపోతాయి. స్పీకర్ అట్ట మెత్తబడుతుంది. మీటరు పెట్టి కొలిస్తే తెలిసేది ఇప్పటి సంగతి. 1966లో ఆ గదిలో అది ఎలా ఉందో మీటరుకి తెలీదు. ముసలాయన గొంతు విని ఆయన పాతికేళ్లప్పుడు ఎలా పాడాడో చెప్పమన్నట్టు ఉంటుంది.

వస్తువు చేతిలో ఉన్నా చుక్కలు చూపించిన కేసు ఒకటుంది, దానికి ఈ హైవేతో చిన్న చుట్టరికం కూడా ఉంది. పల్సానా నుంచి ఇదే దారిన దక్షిణంగా నవసారి దాటి వెళితే వల్సాడ్ వస్తుంది. పాత పేరు బుల్సార్. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ, ఇంటిపేరు మాత్రం ఈ ఊరిదే. ఆ బృందంలో బాస్ గిటారు వాయించిన జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. డెబ్బైల మొదట్లో లండన్ వీధిలో ఒక చెత్త తొట్టిలో పారేసిన సర్క్యూట్ బోర్డు కనపడితే తీసుకొచ్చి, పాత స్పీకరు పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాడు. దానికి నాబ్ అనేదే లేదు. బ్రయాన్ మే తన గిటారుని అందులోకి పెడితే అది వయొలిన్లూ బాకాల్లా పలికింది. ‘డీకీ ఆంప్’ అని పేరు పడింది. క్వీన్ రికార్డుల్లో ఎన్నో చోట్ల వినిపించేది దాని గొంతే.

దానికి నకలు చేయాలనుకున్నప్పుడు తెలిసింది, ప్రపంచంలో అలాంటిది ఆ ఒక్కటే ఉందని. డ్రాయింగ్ లేదు. బోర్డు ఏ వస్తువులోదో తెలీదు. జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఒకదానిలా ఒకటి ఉండవు. ట్రాన్స్‌ఫార్మర్లు విప్పడానికి చెయ్యి రాదు. గ్రెగ్ ఫ్రయర్, నైజల్ నైట్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి దాని మీద కూర్చున్నారు. ఆ బోర్డు ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో తయారైన సూపర్‌సోనిక్ అనే చవక పోర్టబుల్ సెట్టుదని చివరికి ఆచూకీ దొరికింది. నకళ్లు బయటికి వచ్చేసరికి 2010 దాటవచ్చింది. చెత్త తొట్టిలో ఉచితంగా దొరికిన దానికి ఇంత శ్రమ!

దాచిపెట్టే ఘనులు వేరే ఉన్నారు. కాలిఫోర్నియాకి చెందిన డంబుల్ (1944-2022) తన ఆంప్లిఫయర్లలో కీలకమైన భాగం మీద ఎపాక్సీ జిగురు పోసి గడ్డకట్టించేవాడు. ఫొటో తీస్తే కనిపించేది నల్లటి ముద్ద. ఆ ముద్దని గీకి గీకి లోపలి గుట్టు లాగినవాళ్లూ ఉన్నారు. అది దొంగతనమా, పరిశోధనా అంటే నా జవాబు గీకినవాడు ఆ తర్వాత ఏం చేశాడన్న దాన్నిబట్టి ఉంటుంది. చూసింది చూసినట్టు నలుగురికీ చెబితే ఒకటి, పాత బ్రాండు పేరు అంటించి అమ్మితే ఇంకొకటి.

నకలు చేయడం తప్పని నేననను. ఏది ఫొటో నుంచి వచ్చిందో, ఏది ఊహో చెప్పకపోవడం మాత్రం తప్పే. క్లాప్టన్ పోగొట్టుకున్న గిటారుకి 2010లో గిబ్సన్ కంపెనీ నకలు తీసుకొచ్చింది. అసలు గిటారు లేదు కాబట్టి పాత ఫొటోలే దిక్కు. కొన్నవాళ్లకి ఆ సంగతి తెలుసు, గొడవ లేదు. పేచీ వచ్చేది పాత మేకులు, తుప్పు పట్టించిన స్క్రూలు, టీ డికాక్షన్‌లో ముంచి పసుపెక్కించిన బట్ట వేసి ‘అటక మీద దొరికింది’ అనేవాళ్లతో. పైన పటారం, లోన లొటారం. ఇందులో డబ్బు నష్టం ఒక్కటే కాదు. అలాంటి దొంగ పెట్టెని రేపు ఇంకొకడు ఫొటో తీస్తాడు. ఆ ఫొటో చూసి మరొకడు కొలతలు తీసుకుంటాడు. ఒక్క అబద్ధం పది పెట్టెల్లోకి పాకుతుంది.

స్నేహితుడు ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే నాకు మా ఊరి మైకుసెట్టు గుర్తొచ్చింది. పెళ్లికీ, పండగకీ, ఎన్నికలకీ అదే. అహూజా వాల్వు ఆంప్లిఫయర్, చెట్టుకి కట్టిన రెండు హారన్లు. మైకుసెట్టు బాబాయ్ దాని మూత తీసి పెట్టుకుని కూర్చుంటే పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. ‘‘ఒరేయ్, తీగ పీకేశాను కదాని చెయ్యి పెట్టేరు. కరెంటు ఇంకా లోపలే ఉంటుంది’’ అని కసిరేవాడు. నిజమే చెప్పాడు. వాల్వు ఆంప్లిఫయర్‌లో నాలుగు వందల వోల్టులు తిరుగుతాయి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఇది చదివి అటక మీది పెట్టె విప్పబోయేవాళ్లకి కూడా ఇదే మాట. వాల్వులు మనకి పరాయివేం కాదు, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాటిని తయారుచేసింది కూడా. ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చాక బాబాయ్ ఆ పెట్టెని ఇనుప సామాన్లవాడికి తూకానికి వేశాడు. ఇప్పుడు దానికి మిగిలిన ఏకైక సాక్ష్యం మా మేనత్త పెళ్లి ఫొటో. పెళ్లికొడుకు భుజం వెనకాల ఒక మూల, రెండు నాబ్‌లు, ముప్పావు వంతు నేమ్‌ప్లేటు. దాని గొంతు నా చెవుల్లో ఇంకా ఉంది గానీ, దాన్ని ఎవరికైనా ఎలా ఇవ్వాలో తెలీదు.

పల్సానాలో రెండు రోజులున్నాను. వెళ్లే ముందు తమ్ముడు జానెడు బట్ట ముక్క అట్టకి కుట్టి తెచ్చాడు. చారలు ఫొటో మీద పెడితే అచ్చుగుద్దినట్టున్నాయి. నాకు నచ్చింది, అతనికి నచ్చలేదు. ముక్కని నోటికి అడ్డం పెట్టుకుని ఊదాడు. సెల్‌ఫోన్‌లో పాట పెట్టి స్పీకరుకి అడ్డం పెట్టాడు. ‘‘గాలి ఆడ్తలేదు. సన్న చప్పుడంత బట్టలనే ఆగుతున్నది’’ అన్నాడు. చారలెన్నో ఫొటో చెప్పింది, పోగుకీ పోగుకీ మధ్య సందు చెప్పలేదు. పేక కొంచెం పలచన చేసి మళ్లీ నేయించాడు. ఊదాడు, పాట పెట్టాడు, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడోసారికి తలూపాడు.

చారల మధ్య తెలుపు మీద మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఇవాళ మిగిలి ఉన్న పెట్టెల మీది బట్ట సిగరెట్ పొగకీ, దుమ్ముకీ పసుపెక్కి ఉంటుంది. కొత్తలో ఎలా ఉండేదో నలుపు తెలుపు ఫొటో చెప్పదు. కొంచెం పసుపు కలిపితే పాతదానిలా ఉంటుందన్నాను. ‘‘కొత్త బట్టకు పాత రంగు ఎందుకన్నా’’ అని తెల్లగానే ఉంచాడు. తాను చుట్టి, మిల్లులో అలవాటు ప్రకారం చీటీ ఒకటి గుచ్చాడు. హైదరాబాద్ వచ్చాక చదివాను. ‘చారలు: ఫొటో ప్రకారం. రంగు: అందాజ. పేక: ఊది చూసినం’ అని రాసి ఉంది. స్నేహితుడు ఆ చీటీని పెట్టె లోపలి గోడకి అంటించాడు.